నడివయస్సులో మరొక అక్షరాభ్యాసం

అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల్లో సాయంకాలం జరిగే ప్రయోగశాల తరగతుల్లోకి తొంగి చూస్తే, పంతొమ్మిదేళ్ళ విద్యార్థుల నడుమ నలభై, నలభై అయిదేళ్ళ తెలుగు స్త్రీలు అక్కడక్కడా కనిపిస్తారు. గుంటూరులోనో వరంగల్లులోనో రసాయనశాస్త్రంతో బి.ఎస్సీ. ముగించి, వివాహానంతరం భర్త ఉద్యోగం వెంట ఖండాంతరం వచ్చి, పిల్లల పెంపకంలో పదిహేను ఇరవై సంవత్సరాలు గడిపినవారు వీరు. హెచ్-4 వీసా మీద వచ్చినవారికి ఉద్యోగం చేసే హక్కు చాలాకాలం లేనే లేదు. గ్రీన్ కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన కుటుంబాల వారికి 2015 మే నెలలో ఆ అనుమతి లభించింది. పెద్ద కంపెనీలో కొలువు పోయి యాభయ్యో ఏట కొత్త వృత్తి వెతుక్కుంటున్న పురుషులు కూడా ఈ తరగతుల్లో ఉంటారు. వారి సంగతి బయట అంతగా చెప్పుకోరు, అంతే.

బ్యూరెట్టు చేతికి రాగానే వీరికి పాత చనువు తిరిగి వస్తుంది. రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగవలసిన చోటే ఆగుతుంది. చిక్కంతా ఆ తరువాతనే ఎదురవుతుంది. ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేయాలి. రేఖాపటం అక్కడే గీయాలి. నివేదికను వర్డ్‌లో రాసి, ఆధార గ్రంథాల పట్టికను జొటేరో వంటి పనిముట్టుతో అమర్చి, కాన్వాస్ వంటి కళాశాల వేదికలో అర్ధరాత్రి లోపల సమర్పించాలి. అధ్యాపకుడు తెర మీద అయిదు నిమిషాల్లో ముప్ఫై చోట్ల నొక్కి చూపించి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. పక్కనున్న కుర్రవాడు అప్పటికే పని ముగించి ఫోను చూసుకుంటూ ఉంటాడు.

"ఈ వయసులో మన బుర్రకెక్కదులే" అనే తీర్పు పుట్టేది సరిగ్గా ఈ క్షణంలోనే. ఆ తీర్పు ఇచ్చేది అధ్యాపకుడు కాదు, విద్యార్థే. రసాయనశాస్త్రం వచ్చి కూడా కేవలం పనిముట్ల దగ్గర మనసు విరిగి చదువు మానుకున్నవారి వల్ల ఆ కుటుంబానికి జరిగే నష్టం ఒక సెమిస్టరు రుసుముతో పోయేది కాదు. అందుచేత ఆ తీర్పుకు శాస్త్రీయమైన ఆధారం ఎంత ఉన్నదో పరిశీలించడం అవసరం.

వయస్సుతో కొన్ని శక్తులు తగ్గే మాట నిజమే. దానిని దాచి లాభం లేదు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రేమండ్ కాటెల్ ప్రజ్ఞను రెండు రకాలుగా విభజించాడు. ముందెన్నడూ చూడని సమస్యను అప్పటికప్పుడు విప్పగలిగే శక్తి ద్రవ ప్రజ్ఞ. అనుభవం వల్ల, చదువు వల్ల పోగుపడి నిలిచే జ్ఞానం స్ఫటిక ప్రజ్ఞ. రసాయనశాస్త్రం చదివిన వారికి ఈ పేర్లు ఇంపుగా ఉంటాయి: ద్రవం పాత్రను బట్టి ఆకారం మారుస్తుంది, స్ఫటికం తన ఆకారాన్ని నిలుపుకొంటుంది. మొదటిది యౌవనం తరువాత క్రమంగా తరుగుతుంది. రెండవది నడివయస్సు దాటినా పెరుగుతూనే ఉంటుంది. జాషువా హార్ట్‌షోర్న్, లారా జెర్మీన్ అనే పరిశోధకులు 48 వేలకు పైబడిన వ్యక్తుల పరీక్షా ఫలితాలను విశ్లేషించి 2015లో ప్రకటించిన వివరాలు ఇంకొంచెం సూక్ష్మంగా ఉన్నాయి. సమాచారాన్ని గ్రహించే వేగం పద్ధెనిమిది పంతొమ్మిదేళ్ళకే శిఖరానికి చేరుకుంటుంది. స్వల్పకాలిక స్మృతి పాతికేళ్ళ ప్రాంతంలో పరాకాష్ఠకు వచ్చి, ముప్ఫై అయిదు దాటాక తగ్గుముఖం పడుతుంది. పదసంపద మాత్రం అరవైలలో గాని శిఖరాన్ని అందుకోదు. కాబట్టి మనిషి మేధస్సు మొత్తం ఒకే కొండ ఎక్కి ఒకే కొండ దిగుతుందని అనుకోవడం పొరపాటు.

ఇందులో కంప్యూటర్ నేర్చుకునేవారిని నేరుగా తాకేది స్వల్పకాలిక స్మృతి. ఒకేసారి మనస్సులో పట్టి ఉంచగల అంశాలు ఏడు, అటూఇటూగా రెండు అని జార్జి మిల్లర్ 1956లో ప్రతిపాదించాడు. వల్లె వేసుకోవడం వంటి సహాయాలేవీ లేకుండా చూస్తే అవి నాలుగేనని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. ఎంత చిన్న బల్ల అది! తెర మీద అధ్యాపకుడు నొక్కిన చోటు ఒకటి, తన తెరలో అది ఎక్కడుందో వెతకడం ఒకటి, ఈ లోపల ఆయన చెప్పిన తరువాతి మాట ఒకటి, ఇంతకీ చేస్తున్న లెక్క ఏమిటన్నది మరొకటి, బల్ల నిండిపోయింది. అయిదవది పెడితే మొదటిది జారిపోతుంది. పక్కనున్న కుర్రవాడి బల్ల దీనికన్నా గొప్పగా పెద్దదేమీ కాదు. అతనికి ఆ బటన్ల తావులు చిన్ననాటి నుండి అలవాటు కాబట్టి, అవి అతని బల్ల మీద చోటు ఆక్రమించవు. తేడాలో అధికభాగం వయస్సుది కాక అలవాటుది.

రసాయన చర్యలో వేగం వేరు, దిగుబడి వేరు. మెల్లగా జరిగే చర్య చివరికి పూర్తి దిగుబడి ఇవ్వవచ్చు. నేర్చుకోవడంలోనూ మొదటి వారంలో కనిపించే జాప్యాన్ని చూసి తుది ఫలితాన్ని ఊహించరాదు. తిమోతీ సాల్ట్‌హౌస్ 1984లో ప్రకటించిన ఒక అధ్యయనం ఈ విషయంలో చాలా చెబుతుంది. పంతొమ్మిది నుండి డెబ్బైరెండేళ్ళ వయస్సు గల టైపిస్టులను ఆయన పరీక్షించాడు. వెలిగిన దీపానికి మీట నొక్కే తరహా పరీక్షల్లో పెద్దవారి వేళ్ళు నెమ్మదిగానే కదిలాయి. కాని అసలు పుటను టైపు చేయమంటే వారి వేగం చిన్నవారి వేగానికి తీసిపోలేదు. కారణమేమంటే, పెద్దవారి కన్ను వేలు కన్నా మరికొన్ని అక్షరాలు ముందు నడుస్తున్నది. రాబోయేదానిని ముందే చూసి పెట్టుకోవడం చేత వేలి జాప్యం కప్పబడిపోయింది. కోల్పోయిన వేగానికి ముందుచూపును బదులు పెట్టుకున్నారన్నమాట.

అయితే అనుభవం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడానికీ వీలులేదు. నడివయస్కులను మరింతగా చిక్కుపెట్టేది స్మృతి లోపం కన్నా పాత నేర్పే. 1987లో ఐ.బి.ఎం. పరిశోధకులు జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ ఈ సంగతిని చక్కగా వివరించారు. కొత్త పనిముట్టును చేపట్టినవాడికి ముందు పని కావాలి, నేర్చుకోవడం తరువాత. అందుచేత పుస్తకం చదవడు. పైగా తనకు తెలిసిన పాత పనిముట్టు తర్కాన్నే కొత్తదానికి అంటగడతాడు. టైపురైటరు మీద కాలం గడిపినవారు కంప్యూటర్‌లో ప్రతి పంక్తి చివర ఎంటర్ మీట నొక్కి, తరువాత ఒక్క పదం చేర్చగానే పేరా అంతా ఛిన్నాభిన్నమైతే యంత్రాన్ని తిట్టుకోవడం ఇందుకు పాత ఉదాహరణ.

తెలుగు అక్షరాల విషయంలో ఇది మరింత తేటగా కనిపిస్తుంది. దూరవిద్యలో తెలుగు ఎం.ఏ.కు చేరి వ్యాసాలు టైపు చేయబూనిన వారికి ఈ అనుభవం కొత్త కాదు. తెలుగు టైపురైటరు అక్షరాన్ని ఆకారాలుగా చూసేది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అనే ముక్కలను కాగితం మీద పేర్చినట్లు పని సాగేది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి చోటు దొరికింది. ఆ పద్ధతి అక్షరాన్ని ఆకారంగా కాక ధ్వనుల వరుసగా చూస్తుంది. 'స్త్రీ' అనే మాటను తీసుకోండి. చేత్తో రాసేటప్పుడు చాలామంది ముందుగా సకు గుడి దీర్ఘం ఇచ్చి 'సీ' రాసి, ఆ తరువాత కింద త వత్తు, ర వత్తు చేరుస్తారు. కంప్యూటర్‌లో అలా కుదరదు. స, పొల్లు, త, పొల్లు, ర, చివరగా ఈకారపు గుర్తు: ఇవి వరుసగా ఆరు సంకేతాలు. కంటికి ఒకే అక్షరం, యంత్రానికి ఆరు. చేతిరాత వరుసలో గుడి దీర్ఘాన్ని ముందే నొక్కినవారికి తెర మీద వింత ఆకారాలు ప్రత్యక్షమవుతాయి. చెరపబోతే అక్షరం ఒక్కసారిగా పోకుండా ముక్క ముక్కగా ఊడుతుంది. కంప్యూటర్‌కు తెలుగు రాదని నిర్ధారించుకొని లేచిపోయేది అప్పుడే.

యంత్రం లోపలి తర్కాన్ని ఒక్క వాక్యంలో చెబితే కథ మారుతుంది: "చూసినట్లు కాదు, పలికినట్లు నొక్కాలి." ఆ ఒక్క సూత్రం తెలిశాక పాత చదువు అడ్డం తొలగి ఆసరా అవుతుంది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1980లలో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును గమనించండి. అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. గుణింతపు గుర్తు ఏ మీట మీద ఉన్నదో, షిఫ్ట్‌తో నొక్కితే అదే మీట పూర్తి అచ్చును ఇస్తుంది. ఇంగ్లీషు కె మీట మీద క, షిఫ్ట్‌తో ఖ; ఐ మీట మీద గ, షిఫ్ట్‌తో ఘ; ఎల్ మీట మీద త, షిఫ్ట్‌తో థ. అల్పప్రాణానికి మహాప్రాణం జంట. పలక మీద గుణింతాలు దిద్దినవారికి ఇది చిరపరిచితమైన వర్ణమాలే. ఇంగ్లీషు బడిలో చదివిన వారి పిల్లలకు మాత్రం అర్థంకాని గందరగోళం. ఆ పిల్లలకు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు 1990ల తొలినాళ్ళలో ప్రచారంలోకి తెచ్చిన ఆర్.టి.ఎస్. వంటి రోమన్ లిపి పద్ధతే సులువు. ఏ పనిముట్టు ఎవరికి సులభమన్నది వారి వయస్సును బట్టి కాక, వారి వెనుక ఉన్న చదువును బట్టి తేలుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మళ్ళీ ప్రయోగశాలలోకి వద్దాం. రసాయనశాస్త్ర తరగతుల్లో తరచుగా ఇచ్చే ఒక ప్రయోగం నీటిలోని ఇనుమును కొలవడం. ఫినాంథ్రోలిన్ అనే పదార్థం కలిపితే ఇనుము నారింజ వర్ణం పొందుతుంది. ఆ రంగు 510 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటున్నదో స్పెక్ట్రోఫోటోమీటర్ చెబుతుంది. బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం, పలుచని ద్రావణాల్లో ఆ శోషణం ఇనుము గాఢతకు అనుపాతంలో ఉంటుంది. లీటరుకు 1, 2, 3, 4, 5 మిల్లీగ్రాముల ఇనుమున్న ద్రావణాలు తయారుచేస్తే వచ్చిన శోషణాలు 0.201, 0.397, 0.602, 0.795, 0.998 అనుకుందాం. ఒకప్పుడు దీనికి గ్రాఫు కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు, పారదర్శకమైన స్కేలు చాలు. బిందువుల నడుమ నుండి గీత గీసి, తెలియని నమూనా శోషణం ఆ గీతను ఎక్కడ తాకిందో చూసి జవాబు చదువుకునేవారు.

స్ప్రెడ్‌షీట్ అదే గీతను కనీస వర్గ పద్ధతిలో లెక్కగట్టి, వాలు 0.1992 అనీ, నిలువు అక్షాన్ని 0.0010 వద్ద తాకుతుందనీ క్షణంలో చెబుతుంది. ఇక నమూనా శోషణం నుండి 0.0010 తీసివేసి 0.1992తో భాగిస్తే గాఢత వస్తుంది. శోషణం 0.450 అయితే 2.25 మిల్లీగ్రాములు. ఇంతవరకూ సుఖమే. రెండవ నమూనా శోషణం 0.620. దానికి మళ్ళీ సూత్రం రాయనక్కరలేదు, మొదటి గడి మూల పట్టుకొని కిందికి లాగమని అధ్యాపకుడు చెబుతాడు. విద్యార్థి లాగుతుంది. జవాబు 620 అని వస్తుంది.

లోపల జరిగినదేమిటి? వాలు బి8 గడిలో ఉంది, అక్షాన్ని తాకే విలువ దాని కింద బి9లో ఉంది, బి10 ఖాళీ. సూత్రాన్ని ఒక గడి కిందికి లాగినప్పుడు అందులోని చిరునామాలన్నీ ఒక్కొక్క గడి కిందికి జరిగాయి. వాలు ఉండవలసిన చోట బి9లోని 0.0010 వచ్చింది, తీసివేయవలసిన చోట ఖాళీ గడి వచ్చింది. ఖాళీని యంత్రం సున్నాగా తీసుకుంది. 0.620ని 0.0010తో భాగిస్తే 620. యంత్రం తప్పు చెప్పలేదు, అడిగినదే చేసింది; ఎర్రని హెచ్చరిక కూడా ఏదీ చూపలేదు. కదలరాని చిరునామాకు ముందు డాలరు గుర్తు తగిలించాలన్నది ఇక్కడి కిటుకు. అలా చేస్తే సరైన జవాబు 3.11 వస్తుంది.

గడిలో కంటికి కనిపించేది అంకె. లోపల ఉన్నది చిరునామాలతో కూడిన సూత్రం. ఈ ద్వంద్వమే స్ప్రెడ్‌షీట్ ఆయువుపట్టు. డాన్ బ్రిక్లిన్ హార్వర్డ్‌లో వ్యాపార విద్యార్థిగా ఉన్నప్పుడు, నల్లబల్ల మీద ఒక అంకె మారితే అధ్యాపకుడు వరుసంతా చెరిపి తిరిగి రాయవలసి రావడం చూసి ఈ ఆలోచన చేశాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతడు రూపొందించిన విసికాల్క్ 1979లో విడుదలైంది. చిట్టా పుస్తకంలో అంకె అంకెగానే ఉంటుంది. ఇక్కడ ఒక గడి వేరొక గడిని చూస్తూ కూర్చుంటుంది. కాగితం మీద లెక్కలు చేసిన తరానికి ఈ భేదం ఎవరైనా ఒక్కసారి నోరు తెరిచి చెప్పాలి. దురదృష్టవశాత్తూ చాలా తరగతుల్లో ఏ బటను నొక్కాలో చెబుతారు గాని ఈ మాట చెప్పరు.

అయితే ఆ 620ని చూడగానే ఎవరికి అనుమానం వస్తుంది? ఐదు మిల్లీగ్రాముల ద్రావణం శోషణమే 0.998 అయినప్పుడు, 0.620 శోషణం ఉన్న నీటిలో ఇనుము మూడుకు నాలుగుకు నడుమ ఉండక తప్పదని గ్రాఫు కాగితం మీద వేలు పెట్టి చదివిన వారికి లెక్క లేకుండానే తెలుస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటి రుచి, మరకల దృష్ట్యా ఇనుముకు సూచించిన పరిమితి లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. దానికి రెండువేల రెట్లున్న నీటిని ఎవరు తెచ్చి గాజు కుప్పెలో పోశారు? ఎక్సెల్ కొట్టినపిండి అయిన కుర్రవాడు ఆ 620ని అలాగే నివేదికలో అతికించే ప్రమాదం ఉంది; పాత విద్యార్థి ఆగుతుంది. తప్పు ఎక్కడున్నదో ఆమెకు తెలియకపోవచ్చు, తప్పున్నదని తెలుసు. డాలరు గుర్తు నేర్పడానికి పది నిమిషాలు చాలు. ఆ అనుమానం నేర్పడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే, 2020 అక్టోబరులో ఇంగ్లండులో జరిగినది గుర్తు చేయాలి. పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ సంగతి గమనించనందువల్ల దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాకుండా పోయాయి. జన్యు శాస్త్రంలో కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేస్తుండటంతో, 2020లో శాస్త్రజ్ఞులు యంత్రాన్ని మార్చలేక జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అంకెలను చూసి కనుబొమ ముడివేసే మనుషుల కొరత ప్రపంచంలో ఇంకా తీరలేదు.

ఇక అభ్యాసం ఎలా సాగాలన్న ప్రశ్న. ప్రవాస కుటుంబాల్లో సాధారణంగా జరిగేది ఇది: వారమంతా తీరిక ఉండదు, శనివారం నాలుగు గంటలు ఏకబిగిన కూర్చుంటారు. బ్రిటిష్ తపాలా శాఖ ఉద్యోగులు కొత్త యంత్రాల కోసం టైపు నేర్చుకోవలసి వచ్చినప్పుడు అలన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ చేసిన అధ్యయనం 1978లో వెలువడింది. రోజుకు ఒక్క గంట నేర్చుకున్న వారికి కీబోర్డు పట్టుబడడానికి మొత్తం మీద సుమారు 35 గంటలు పట్టగా, రోజుకు నాలుగు గంటలు నేర్చుకున్న వారికి సుమారు 50 గంటలు పట్టింది. విచిత్రమేమంటే, అందరికన్నా అసంతృప్తిగా ఉన్నవారు ఆ గంటవారే. క్యాలెండరు ప్రకారం తాము వెనుకబడిపోతున్నామని వారి బాధ. నేర్చుకుంటున్నామన్న అనుభూతికీ, నిజంగా నేర్చుకోవడానికీ పొంతన లేదని దీనివల్ల తెలుస్తున్నది. తీరిక లేని గృహిణికి ఇంతకన్నా శుభవార్త ఉండదు: పొయ్యి మీద పప్పు ఉడికే ఇరవై నిమిషాలు, రోజూ దొరికితే, శనివారం మధ్యాహ్నం కన్నా విలువైనవి.

అనుభూతి చేసే మోసం మరొకటి కూడా ఉంది. చక్కని వీడియో పాఠాన్ని మూడుసార్లు చూస్తే అంతా వచ్చేసినట్లే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దీనిని విద్యార్థులపై పరీక్షించారు. ఒక పాఠ్యభాగాన్ని ఒక జట్టు రెండుసార్లు చదివింది. రెండవ జట్టు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తరువాత మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత మాత్రం చదివిన జట్టుకు 42 శాతం గుర్తుండగా, రాసిన జట్టుకు 56 శాతం గుర్తుంది. మరచిన దానిని వెతికి పైకి లాగే శ్రమే స్మృతిని గట్టిపరుస్తుంది. వీడియో చూసి, మూసివేసి, ఖాళీ పుటలో మొదటి నుండి తానే చేసుకోవాలి. చిక్కుపడిన చోట మాత్రమే మళ్ళీ తెరవాలి.

ఈ సందర్భంలో పిల్లల మీద ఒక ఫిర్యాదు తప్పదు. "ఇటివ్వమ్మా, నేను చేసేస్తా" అంటూ మౌస్ లాక్కునే కొడుకు ప్రేమతోనే ఆ పని చేస్తాడు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది కూడా. కాని వెతికి పైకి లాగే ఆ శ్రమను అమ్మ చేతి నుండి తీసుకున్నది అతడే. మరునాడు అదే చోట ఆమె మళ్ళీ ఆగిపోతుంది, "నిన్ననే చూపించాను కదమ్మా" అని అతడు విసుక్కుంటాడు. చూపించాడు, ఆమె చేయలేదు. చేతులు కట్టుకొని పక్కన కూర్చొని నోటితో మాత్రమే సాయం చేసే నియమం ఇంట్లో పెట్టుకోవడం మంచిది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ తల్లి చేత గణితం చేయించిన మాస్టారు సుద్దముక్క లాక్కొని తానే లెక్క పూర్తిచేసి ఉంటే, ఈనాడు ఆమెకు వాలు అంటే ఏమిటో తెలిసేది కాదు.

నోటుపుస్తకంలో రాసుకునే తీరు కూడా పట్టించుకోదగినదే. "పైన ఎడమ వైపు మూడవ బటను" అని రాసుకున్న వారి శ్రమ అంతా మైక్రోసాఫ్ట్ 2007లో పాత మెనూలు తీసివేసి రిబ్బన్ అనే కొత్త పట్టీ పెట్టినప్పుడు వృథా అయింది. "వాలు లెక్కించడం: ముందు నిలువు అక్షపు అంకెలు, తరువాత అడ్డ అక్షపు అంకెలు ఇవ్వాలి" అని రాసుకున్న వారికి ఆ మార్పు ఒక పూట చికాకు మాత్రమే. బటన్లు ఇళ్ళు మారుతుంటాయి, పని మారదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, సూత్రం రాసిపెట్టమని మామూలు మాటల్లో అడిగే వీలు కూడా కలిగింది. బటన్లు వెతుక్కోలేని వారికి ఇది వరమే. అయితే అవి కూడా ఎంతో ధీమాగా 620 అని చెప్పగలవు. అడగడం తేలికైన కొద్దీ, వచ్చిన జవాబును తూచే పని బరువెక్కుతుంది. ఆ తూనిక నలభై దాటినవారి చేతిలో ఉండే అవకాశమే ఎక్కువ.

చివరగా మెదడు సంగతి. ఎదిగిన మెదడు మారదన్న నమ్మకం శాస్త్రలోకంలో సడలి చాలా కాలమైంది. మూడు నెలలు బంతులు ఎగరవేసి పట్టడం నేర్చుకున్న యువకుల మెదడులో కొన్ని భాగాల్లో బూడిద పదార్థం పెరిగినట్లు 2004లో జర్మనీ పరిశోధకులు చూపారు. 2008లో అరవై ఏళ్ళ ప్రాంతం వారిలోనూ అటువంటి మార్పే కనిపించింది, వారిలో నేర్పు అంతగా కుదరకపోయినా. డల్లాస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డెనీస్ పార్క్ బృందం 60 నుండి 90 ఏళ్ళ వారికి మూడు నెలలపాటు, వారానికి సుమారు పదహారు గంటల చొప్పున, డిజిటల్ ఫొటోగ్రఫీనో బొంతలు కుట్టే కళనో నేర్పింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కేవలం కబుర్లతో, విహారాలతో కాలక్షేపం చేసిన వారికన్నా వీరి స్మృతి మెరుగుపడింది. ఫొటోలను కంప్యూటర్‌లో దిద్దడం నేర్చుకున్నవారిలో ఆ మేలు ప్రస్ఫుటంగా కనిపించింది. 2016లో ఇదే బృందం టాబ్లెట్ కంప్యూటర్‌తో చేసిన చిన్న ప్రయత్నంలోనూ కొంత మేలు కనిపించింది. ఈ మేలు పరిమితమైనదే. ముసలితనపు వ్యాధులకు ఇది మందు అని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మనక్కరలేదు.

బంతుల ప్రయోగంలో అంతగా ప్రచారం కాని భాగం ఒకటుంది. అభ్యాసం మానిన మూడు నెలలకు, యువకుల మెదడులో పెరిగిన పదార్థం చాలావరకు తగ్గిపోయింది. అమెరికా కళాశాలల్లో మే నెల మధ్య నుండి ఆగస్టు చివరి వరకు సెలవులు. లెక్కకు అవీ మూడు నెలలే. వేసవిలో ఇండియా వెళ్ళివచ్చిన విద్యార్థికి ఆగస్టులో స్ప్రెడ్‌షీట్ మళ్ళీ పరాయిదిగా తోచడానికి కారణం ఇదే కావచ్చు. సెలవుల్లో వారానికి ఒక పూట ఖాళీ పుట తెరిచి, పాత ఇనుము అంకెలు అయిదూ ఎక్కించి, నోటుపుస్తకం చూడకుండా గీత గీసి 3.11 రాబట్టాలి. పావుగంట పని. పుట్టింటి వరండాలో, మామిడిపండ్ల బుట్ట పక్కన, తమ్ముడి ల్యాప్‌టాప్ మీదనైనా సాగుతుంది.